మూడు మిల్లీమీటర్లు

రైలు వంతెన కింద హీవా దుకాణం.
బోర్డు లేదు, గోడకి ఆనించిన టైర్లే బోర్డు.
మెర్తిర్‌లో వాన పడని రోజేదో చెప్పమంటే
ఎవరైనా కాసేపు ఆలోచించాలి.

ఎడమ ముందు చక్రం బోడిగుండైంది.
గుండు మీద అరచెయ్యి పెట్టి
నా మొహంలోకి చూశాడు హీవా:
దీని మీదేనా డెలిత్, రాత్రిళ్ళు?
దీని మీదే.
పదకొండు ఇళ్ళు, పదకొండు మంది ముసలివాళ్ళు,
మందులు, స్నానాలు, పక్కబట్టలు.
ఇంటికీ ఇంటికీ మధ్య దారికి జీతం లేదు.
జీతం లేని ఆ దారి మీదే అరిగిందిది.

కొత్తది డెబ్భై రెండు పౌన్లు.
వాసనే వేరు దానిది. ఒంటి నిండా
పురిటిబిడ్డ నూగులా సన్నటి రబ్బరు వెంట్రుకలు.
ఒకసారి నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
పాతది ముప్ఫై, బిగించి, గాలి కొట్టి.
కొత్తొక వింత, పాతొక రోత అన్నవాడి జేబులో
డెబ్భై రెండు పౌన్లు ఉండే ఉంటాయి.

జర్మనీ నుంచి వచ్చాయట ఇవి.
అక్కడెవరో గాడి ఇంకా ఉండగానే
చలికాలం వస్తోందని భయపడి విప్పేశారు.
వాళ్ళు వాడగా మిగిలిన భయం
నాకిక్కడ ధైర్యం కింద అమ్ముడవుతోంది.

ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని
మంత్రసానిలా లోపలంతా తడిమాడు హీవా.
వేలు ఒకచోట ఆగింది.
పక్కగోడలో పాత మేకు గాయం, దాని మీద అతుకు.
ఇది కాదు, అని గుట్ట మీదికి విసిరాడు.
అమ్మేసి ఉంటే నాకు తెలిసేది కాదు.
ఆ విసురుకి బిల్లులో ఖరీదు వెయ్యలేదు.

రెండోదాని గాడిలో ఇరవై పెన్సుల బిళ్ళ గుచ్చాను.
అంచు మునిగింది. చట్టానికి సరే.
మూడు మిల్లీమీటర్లు, అన్నాడు, కొలబద్ద చూపించి.
ఒకటీ పాయింట్ ఆరు దగ్గర పారెయ్యాలి,
అంటే నేను కొంటున్నది ఒకటిన్నర కూడా కాదు.
కొత్తదానిలో ఎనిమిది. మిల్లీమీటరు లెక్కన చూస్తే
పాతదే రెండింతల ఖరీదు.
తెలుసు. లెక్కలు నాకూ వచ్చు.
ఆరు మిల్లీమీటర్ల డబ్బు ఒక్కసారిగా
నా చేతిలో ఎప్పుడూ లేదు, అంతే.

జాకీ మీద కారు పైకి లేస్తుంటే
టైరు పక్కన నాలుగంకెలు చదివాను: 1418.
పద్నాలుగో వారం, పద్దెనిమిదో సంవత్సరం.
ఏప్రిల్ మొదట్లో, ఏదో వేడి అచ్చులోంచి
ఇది బయటపడ్డ వారం నేనేం చేస్తున్నాను?
ఎంత తవ్వినా గుర్తు రాలేదు.
బహుశా ఎవరికో సాక్సు తొడుగుతూ ఉంటాను.

రాత్రి తొమ్మిదింటికి గుట్ట మీద ఎమ్రిస్ ఇల్లు.
ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి,
ఇప్పుడు వంటింటిదాకా నడవడానికి నేను కావాలి.
చెప్పులు విప్పాను. కుడి మడమ ఒక పక్కకే అరిగింది,
కాలి అమరిక తప్పినట్టుంది, డాక్టరుకి చెప్పాలి.
కొత్త టైరా? అన్నాడు, కిటికీలోంచి
ఏం చూశాడో ఏం విన్నాడో.
కొత్త కాదు, కొంచెం కొత్త.
మా డిపోలో, అరిగినదాని మీద
వేడి కత్తితో మళ్ళీ గాళ్ళు కోసేవాళ్ళం, అన్నాడు.
బస్సు టైరు మందం కాబట్టి సరిపోయింది.
మనుషులక్కూడా చెయ్యొచ్చేమో అనుకున్నాం అప్పట్లో.
నవ్వి, దగ్గి, మాత్ర మింగాడు.

బయటికొచ్చేసరికి వాన అడ్డంగా కొడుతోంది.
వంపు దగ్గర నలభై అని బోర్డు.
ఇరవైఅయిదులో దిగుతున్నాను.
వెనక ఎవడో హారన్ కొడుతున్నాడు,
లైట్లు మిటకరిస్తున్నాడు,
వాడి కింద ఎనిమిదున్నట్టుంది.
కొట్టనీ.
మిగిలిన ఇళ్ళు ఇంకా రెండు.